మా ఆఫీసులో గ్యాస్ లేదు

నా మిరపకాయ బజ్జీ గురించి మీరు విని ఉండకపోతే అది మీ తప్పు కాదు, మీ ఊరి గాలి తప్పు. మా రాళ్ళమడుగులో పడమటి గాలి వీచిన రోజున నా బాణలి ఘాటుకు బస్టాండులో జనం తుమ్ముతారు. ఒకసారి ఒక కాకి నా బజ్జీ ఎత్తుకుపోయింది. సగం తిని, మిగతా సగం తెచ్చి నా బల్ల మీదే పెట్టి, మంచినీళ్ళ కుండ మీద కూర్చుంది. నేను మూత తీసేదాకా కదల్లేదు. నమ్మకపోతే ఆ కాకినే అడగండి, ఇప్పటికీ మున్సిపల్ ఆఫీసు గోడ మీదే ఉంటుంది.

నా పేరు యల్లమంద. ఆ మున్సిపల్ ఆఫీసు ఆవరణలో, సైకిల్ స్టాండు పక్కన రేకుల షెడ్డు ఉందే, అది నా క్యాంటీన్. పొద్దున ఇడ్లీ, పెసరట్టు, ఎండెక్కాక బజ్జీ. మా ఆవిడ అంకమ్మ పిండి రుబ్బుతుంది, చట్నీ నూరుతుంది, అట్లు పోస్తుంది. మిగతాదంతా నేనే చూసుకుంటాను, అంటే మాట్లాడతాను. చదువంటారా, నేను బడికి వెళ్ళిన రోజున పంతులు గారు రాలేదు, ఆయన వచ్చిన రోజున నేను వెళ్ళలేదు. అలా మా ఇద్దరికీ కుదరలేదు.

చదువు రాకపోయినా వైద్యం మాత్రం వచ్చింది. అన్ని జబ్బులకూ ఒకటే వైద్యం, గ్యాస్ బిళ్ళ. మా ఊళ్ళో మెడ పట్టినా గ్యాసే, భుజం లాగినా గ్యాసే, అల్లుడు ఫోన్ ఎత్తక అత్తగారికి కళ్ళు తిరిగినా గ్యాసే. నా గల్లాపెట్టె పక్కన ఉప్పు డబ్బా, దాని పక్కన కారం డబ్బా, దాని పక్కన గ్యాస్ బిళ్ళల డబ్బా ఉండేవి. బజ్జీ తిన్నవాడు చెయ్యి కడుక్కుని చాపితే, అడక్కుండానే అందులో ఒక బిళ్ళ పెట్టేవాణ్ణి. నేనైతే లేవగానే ఒకటి, బాణలి ఎక్కించాక ఒకటి, దించాక ఒకటి వేసుకునేవాణ్ణి. డాక్టరు చెప్పాడా అని మీరు అడగొచ్చు. డాక్టరు చెప్పాలంటే ముందు నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాలి కదా. బిళ్ళ ఉండగా డాక్టరెందుకు?

ఇలా హాయిగా సాగుతున్న రోజుల్లో మా కమిషనర్ ఉమాపతిరావు గారికి త్రేన్పు వచ్చింది.

త్రేన్పు ఎవరికైనా వస్తుంది. ఆయనకు మాత్రం పై అధికారులతో వీడియోలో సమావేశం జరుగుతుండగా, మైకు నోటి దగ్గరున్నప్పుడు వచ్చింది. మురుగు కాలువల పని ఎంతవరకు వచ్చిందని అడిగితే ఈయన నోరు తెరిచారు. జిల్లాలోని ఆఫీసులన్నిటికీ వినబడింది. అవతల కూర్చున్న పెద్దాయన ఒక నిమిషం ఆగి, "సమాధానం ఇంకొంచెం వివరంగా ఇవ్వండి" అన్నారట.

ఆ మధ్యాహ్నమే మేనేజర్ దక్షిణామూర్తి గారు నా షెడ్డు ముందుకొచ్చి కాగితం చదివారు. దక్షిణామూర్తి గారు ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైనా కాగితంలో ఉన్నట్టే మాట్లాడతారు.

"ది. ఇరవైన సంభవించిన శబ్దమునకు మూలకారణము ఆవరణలోని క్యాంటీన్‌లో విక్రయించబడుచున్న బజ్జీ అని ప్రాథమికంగా నిర్ధారించడమైనది. కావున సదరు క్యాంటీన్‌ను తొలగించుటకు ఎందుకు చర్య తీసుకొనరాదో వివరించవలసిందిగా..."

"ఏందయ్యా ఆయన చదివేది?" అంది అంకమ్మ.

"షెడ్డు పీకేస్తారంట."

అంకమ్మ అట్లకాడ కింద పెట్టింది. మా పెళ్ళయిన ఏడు వేసిన షెడ్డది. మా ఇద్దరికీ వేరే పని రాదు. ఆమెకు వంట తప్ప ఏదీ రాదు, నాకు అది కూడా రాదు.

"పో, పోయి ఆయన కాళ్ళు పట్టుకో" అంది. "మాటలు నేర్చినోడివిగా, ఇయ్యాల పనికొస్తాయేమో చూద్దాం."

కమిషనర్ గారు గదిలో కుర్చీకి అడ్డంగా ఒరిగి ఉన్నారు. ఆయనకు నడుము నొప్పి. సొరుగులోంచి ఎర్రబిళ్ళ ఒకటి తీసి నోట్లో వేసుకుని, దాని మీద నల్ల కాఫీ తాగి, మూతి తుడుచుకున్నారు.

"యల్లమందా, నీ మీద నాకు వ్యక్తిగతంగా ఎలాంటి ద్వేషమూ లేదు" అన్నారు. "కానీ నీ బజ్జీ పరిపాలనకు అవరోధంగా పరిణమించింది."

"అయ్యా, మంట పుట్టేదీ నా దగ్గరే, మందు దొరికేదీ నా దగ్గరే" అన్నాను. "నన్ను తీసేస్తే మంట పోదు, మందు పోద్ది."

ఆయన నా వైపు చూశారు. ఎవరైనా అలా చూస్తే నా నోరు ఆగదు.

"ఆఫీసుకొచ్చినోళ్ళందరికీ పొద్దున్నే పరగడుపున తలా ఒక బిళ్ళ వేయించండయ్యా. ఇంక గ్యాస్ యాడిది? మీరు మైకు నోట్లో పెట్టుకుని మాట్టాడినా భయం లేదు."

కమిషనర్ గారు దక్షిణామూర్తి గారిని చూశారు. దక్షిణామూర్తి గారు పైన తిరుగుతున్న ఫ్యానును చూశారు. ఆ ఫ్యాను కింద చాలా పథకాలు పుట్టాయి.

"మేనేజర్ గారూ, ఇది ఒక మాట కాదు. ఇది ఒక కార్యక్రమం" అన్నారు కమిషనర్ గారు.

మర్నాటికల్లా ఉత్తర్వు వచ్చింది. 'ఆమ్లరహిత కార్యాలయము' అను వినూత్న కార్యక్రమము తక్షణమే అమలులోకి వచ్చును. సిబ్బంది యావన్మందీ వేలిముద్ర వేసిన పిమ్మట బిళ్ళ స్వీకరించవలెను. క్యాంటీన్ నిర్వాహకుడు శ్రీ యల్లమందను ఆమ్ల నియంత్రణ సమన్వయకర్తగా నియమించడమైనది. ఆవరణలో గ్యాస్ నమోదైన పక్షమున క్యాంటీన్ తొలగించబడును.

చివరి ముక్క నేను వినలేదు. 'శ్రీ' దగ్గరే ఆగిపోయాను. నా పెళ్ళి శుభలేఖలో తప్ప ఎవరూ నా పేరు ముందు శ్రీ పెట్టలేదు, అక్కడ కూడా అచ్చువేసేవాడు అందరికీ పెడతాడు. చివరి ముక్క విన్నది అంకమ్మే.

"అంటే ఈ ఊళ్ళో ఎవడు త్రేన్చినా మన షెడ్డు లేచిపోద్దన్నమాట" అంది. "మంచి బేరం కుదుర్చుకొచ్చావు."

* * *

కార్యక్రమం బ్రహ్మాండంగా మొదలైంది. పొద్దున అందరూ వరసలో వచ్చి యంత్రం మీద వేలు పెట్టడం, నా ముందు నోరు తెరవడం. నేను బిళ్ళ వేయడం, దక్షిణామూర్తి గారు గొంతులోకి తొంగి చూసి దిగిందని టిక్కు పెట్టడం. బిళ్ళకీ తిండికీ మధ్య అరగంట ఉండాలని డబ్బా మీద రాసి ఉందట. అందుకని ఆ అరగంటకు 'నిరీక్షణ కాలము' అని పేరు పెట్టి, ఆ కాలంలో ఎవరూ ఏ పనీ చేయరాదన్నారు. తర్వాత నా దగ్గర టిఫిను, తర్వాత టీ. పని మొదలయ్యేసరికి బజ్జీల వేళయ్యేది. ఆఫీసుకు నష్టమేమీ జరగలేదు, ఇంతకు ముందు కూడా అప్పుడే మొదలయ్యేది.

పన్ను కట్టడానికి వచ్చినవాళ్ళు మాత్రం ఇదేమిటని అడిగారు. దాంతో కమిషనర్ గారు, ఆమ్లం అనేది బయటి నుంచి లోపలికి ప్రవేశించే అవకాశం ఉందని గ్రహించి, గేటు దగ్గర బల్ల వేయించారు. బిళ్ళ మింగితేనే లోపలికి.

సాలమ్మ అని పింఛను ముసలావిడ ఉంది. బతికే ఉన్నానని చూపించుకోవడానికి వచ్చింది.

"నోరు తెరువు పెద్దమ్మా" అన్నాను.

"ఎందుకురా?"

"బిళ్ళ."

"నేను బతికున్నానని జెప్పడానికొచ్చాన్రా యల్లమందా. ఉన్న బిళ్ళలే ఇంటికాడ మింగలేక చస్తన్నా. బీపీకొకటి, చక్కెరకొకటి, కాళ్ళకొకటి. అయ్యీ ఇదీ లోపల కొట్టుకుంటే ఎవురిది పూచీ?"

దక్షిణామూర్తి గారు ముందుకొచ్చారు. "బిళ్ళ స్వీకరించని పక్షమున ప్రవేశము లేదు. ప్రవేశము లేని పక్షమున మీరు జీవించి ఉన్నట్లు కార్యాలయమునకు తెలియదు."

సాలమ్మ ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. బిళ్ళ తీసుకుని నాలుక కింద పెట్టుకుని లోపలికి పోయింది. వచ్చేటప్పుడు దాన్ని నా ఇడ్లీ పళ్ళెంలో ఉమ్మేసి పోయింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను, సమన్వయకర్త అన్నాక అన్నీ పట్టించుకోకూడదు.

తర్వాత అరగంట నిరీక్షణ దండగని ఒకరోజు దక్షిణామూర్తి గారికి తోచింది. బిళ్ళలు దంచి చట్నీలో కలిపితే తిండీ మందూ ఒకేసారి దిగిపోతాయి. కమిషనర్ గారు ఆయన్ని కౌగిలించుకోబోయి, నడుము పట్టి ఆగిపోయారట. దంచే పని నాది. రోట్లో గుప్పెడు బిళ్ళలు పోసి రోకలి ఎత్తితే, అంకమ్మ ముక్కు మీద కొంగు అడ్డం పెట్టుకుంది.

"పచ్చడి చేదొస్తందయ్యా."

"చేదు గాదే, పరిపాలన."

"ఇది తిన్నకాణ్ణించి జనం ఇంకా ఎక్కువ త్రేన్చుతన్నారు. చూశావా?"

చూశాను. ఎందుకో నాకు తెలియలేదు. తెలియనప్పుడు నేను ఇంకో గుప్పెడు పోస్తాను.

ఇక త్రేన్పు వచ్చినవాడు ఆవరణలో త్రేన్చకూడదు కాబట్టి, గేటు దాటి, రోడ్డు పక్కన ప్రహరీగోడకు ముఖం పెట్టి త్రేన్చి, మర్యాదగా లోపలికి వచ్చేవాడు. సాయంత్రమయ్యేసరికి ఆ గోడ దగ్గర వరస ఉండేది. అక్కడ పెచ్చులతో సహా గోడ సున్నం రాలిపోయింది. ఇంజనీరు గారు వచ్చి చూసి వర్షానికి అని రాసుకున్నారు, ఆ ఏడు మాకు వాన లేదు.

ఇన్ని చేశాక ఆవరణలో గ్యాస్ ఎలా ఉంటుంది? లేదని తేల్చారు. గేటు మీద నీలం బోర్డు పెట్టారు, 'ఇది ఆమ్లరహిత ప్రాంగణము' అని. దాని వెంటే ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఆమ్లరహిత ప్రాంగణములో ఛాతీ మంట, గుండెల్లో బరువు, పొట్ట ఉబ్బరము మొదలగునవి సంభవించుటకు అవకాశము లేనందున, ఆ కారణములపై సెలవు కోరరాదు. గ్యాస్ అను పదమును ఆవరణలో ఉచ్చరించరాదు.

అప్పటి నుంచి అందరం దాన్ని 'అది' అనేవాళ్ళం.

"ఏరా, అది పట్టిందా?"

"పట్టింది. గోడ దాకా పోయొస్తా."

* * *

ఉత్తమ వినూత్న కార్యాలయానికి పురస్కారం ఇస్తారట. చూడ్డానికి పైనుంచి కమిటీ వస్తుందన్నారు. వాళ్ళొచ్చే రోజు తెల్లవారుతూనే నాకు గుండెల మీద రుబ్బురోలు పెట్టినట్టనిపించింది.

అదే అనుకున్నాను. ఒకటి వేసుకున్నాను. పోలేదు. రెండోది వేసుకున్నాను. షెడ్డుకొచ్చి పొయ్యి ముట్టించేసరికి ఎడమ భుజం నుంచి మోచేతి దాకా గుంజుతోంది. దవడ కూడా లాగుతోంది. పొయ్యి ఇంకా అందుకోలేదు, నా చొక్కా చెమటకు తడిసిపోయింది. మూడోది నమిలాను.

"ఏందట్టా అయిపోయావు?" అంది అంకమ్మ.

"కొంచెం అది పట్టింది. ఎవురితో అనమాక."

"ఎంతసేపట్నించి?"

"అనమాకంటే. ఇయ్యాల గనక నాకు అది ఉందని తెలిస్తే షెడ్డు ఉండదు. సమన్వయకర్తకే అదొచ్చిందంటే ఇంకేముంది?"

అంకమ్మ నా మొహం చూస్తూ నిలబడింది. మామూలుగా ఆమె ఒక తిట్టు తిట్టి పనిలో పడుతుంది. ఆ రోజు తిట్టలేదు. అప్పుడే నేను భయపడి ఉండాల్సింది, కానీ నాకు భయం ఎప్పుడూ ఒక పూట ఆలస్యంగా వస్తుంది.

కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు, ముగ్గురికీ పూలదండలు. కార్లు గేటుకు అడ్డంగా ఆపారు. కమిషనర్ గారు వాళ్ళను నా బల్ల దగ్గరికి తీసుకొచ్చి, "వీరు మన సమన్వయకర్త. స్థానిక పరిజ్ఞానాన్ని పరిపాలనతో అనుసంధానించిన వ్యక్తి" అన్నారు. నమస్కారం పెడదామని చేతులెత్తాను. ఎడమ చెయ్యి లేవలేదు. ఒంటి చేత్తో నమస్కారం పెట్టి, అలాగే ఇడ్లీ పాత్ర పక్కన కూలబడ్డాను.

దక్షిణామూర్తి గారు నా మీదికి వంగారు. "లెమ్ము. ఇది సమయము కాదు."

"గుండెల్లో... అది..." అన్నాను.

"అది అనగా?"

కమిషనర్ గారు కమిటీ వైపు ఒక నవ్వు పారేసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "యల్లమందా, ఆలోచించు. ఈ ప్రాంగణంలో గ్యాస్ లేదు. అది నిర్ధారితమైన విషయం. గ్యాస్ లేదు కాబట్టి నీకు గ్యాస్ రాలేదు. గ్యాస్ రాలేదు కాబట్టి నీకేమీ రాలేదు. ఏమీ రాలేదు కాబట్టి లేచి నిలబడు."

నాకది సబబుగానే తోచింది. లేవబోయాను కూడా. భూమి ఒప్పుకోలేదు.

అంకమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని మా ఇద్దరి మధ్యకొచ్చింది.

"అయ్యా, ఈయనకి గ్యాస్ లేదంటన్నారా?"

"లేదమ్మా."

"గట్టిగా లేదా?"

"కమిటీ సమక్షంలో ధ్రువీకరిస్తున్నాను. లేదు."

"మీరు ఉందంటే ఇంకో బిళ్ళేసి పడుకోబెట్టేదాన్ని. మా ఊళ్ళో అందరూ అదే జేస్తారు. మా చిన్నమావకీ అదే జేశారు, బిళ్ళ కరిగే లోపలే ఆయన పోయాడు. గ్యాస్ గాదని మీరే అంటన్నారు గదా. ఇట్టా చెమటలు బోసి చెయ్యి లాగేది గ్యాస్ గాకపోతే గుండె. బండి తియ్యమనండి."

ఇంత పెద్ద మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో ఆ అవకాశం నేనివ్వలేదనుకోండి.

కమిటీ కార్లలో డ్రైవర్లు లేరు, అందరూ చట్నీ తింటున్నారు. గేటు అవతల చెత్త ఆటో ఒకటే ఉంది. నన్ను అందులో పడుకోబెట్టి, అంకమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఆటో తాళం తిప్పితే చాలు, మైకు దానంతటదే మొదలవుతుంది. తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా ఇవ్వండి అని అరుచుకుంటూ ఊరంతా తిరిగి ఆసుపత్రికి పోయాం. వీధి వీధికీ ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చారు. ఒకావిడ అలవాటు కొద్దీ అరటితొక్కలు నా కాళ్ళ మీద పోసింది. నేను తడో పొడో తేల్చుకోలేక ఊరుకున్నాను.

* * *

పెద్దాసుపత్రిలో షమీమ్ గారని డాక్టరమ్మ. మా అమ్మాయి వయసుంటుంది. ఛాతీ మీద తీగలు అంటించి, కాగితం లాగి చూసి, ఇక నాతో మాట్లాడకుండా నర్సులతోనే మాట్లాడింది. సూదులు, బిళ్ళలు, ఏదో నాలుక కింద. నాకు తెలిసిన బిళ్ళ ఒక్కటీ అందులో లేదు. సాయంత్రానికి రుబ్బురోలు ఎవరో దించినట్టయింది.

అప్పుడొచ్చి మంచం పక్కన కూర్చుంది.

"బాబాయ్, గుండెపోటు. టయానికి తీసుకొచ్చింది మీ ఆవిడ. ఇంకాసేపు గ్యాసేలే అనుకుని కూర్చునుంటే నేను చేసేదేం ఉండేది కాదు. పొద్దున ఏం వేసుకున్నావు?"

"గ్యాస్ బిళ్ళ."

"ఎన్ని?"

"మూడు. నాలుగు. చట్నీలో ఎన్నున్నయ్యో తెలవదు."

"చట్నీలోనా?"

అంతా చెప్పాను. రోలు దగ్గరికొచ్చేసరికి ఆమె మొహం మీద చెయ్యి పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"బాబాయ్, ఆ బిళ్ళ మీద పూత ఉంటది. కడుపులో పులుపుకి మందు చెడిపోకుండా ఆ పూత కాపాడతది. నువ్వు దంచి దాన్నే తీసేశావు. అందుకే మీవాళ్ళకి ఏమీ తగ్గలేదు. నీళ్ళతో గుటుక్కున మింగాలి, తిండికి ముందు మింగాలి."

"మరి నేను మింగింది గూడా వేస్టేనా?"

"నువ్వు ఎన్నేళ్ళ నుంచి మింగుతున్నావు?"

చెప్పాను. ఆమె మళ్ళీ ఆ కాగితం తీసి చూసింది.

"అది మంచి మందే. కడుపులో పుండు ఉన్నోళ్ళకి అది లేకపోతే గడవదు. కానీ ఎవరికి కావాలో, ఎన్నాళ్ళు కావాలో చూసి ఇవ్వాలి. మంట రెండు వారాలకీ పోలేదంటే బిళ్ళ పెంచడం గాదు, ఎందుకు పోలేదో చూపించుకోవాలి. ఏళ్ళ తరబడి ఊరికే మింగితే ఎముకలు గుల్లబడొచ్చు, రక్తంలో సత్తువ తగ్గొచ్చు. నీకు పరీక్షలు చేయిస్తా. అట్టాగని రేపట్నించే ఠక్కున మానేస్తానంటావేమో, మంట ఒక్కసారి ఎగదన్నుద్ది. నేను చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఇప్పుడు నీ గుండెకిచ్చే మందుతో కొన్ని రకాల గ్యాస్ బిళ్ళలు పడవు కూడా. ఏది పడుద్దో నేను రాస్తా. నీ డబ్బాలోది ముట్టుకోవద్దు."

"సాలమ్మ గూడా ఇదే అంది" అన్నాను. "లోపల కొట్టుకుంటయ్యని."

"ఎవరామె?"

"బతికుంది" అన్నాను.

అంకమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. "డాక్టరమ్మా, మరి నిజంగా గ్యాసో గుండెపోటో మాకెట్టా తెలుస్తది?"

"మీకు తెలియాల్సిన పన్లేదమ్మా. చెమటలు, దవడా చెయ్యీ లాగడం, గుండెల మీద బరువు, ఇట్టాంటివొస్తే ఇక్కడికి రండి. గ్యాసైతే తిట్టకుండా పంపిస్తా. ముద్ద దిగకపోయినా, మలం నల్లగా వచ్చినా, ఊరికే చిక్కిపోతున్నా కూడా అంతే, బిళ్ళేసుకుని కూర్చోవద్దు."

అప్పుడే తలుపు తెరుచుకుని కమిషనర్ గారు, వెనకాల దక్షిణామూర్తి గారు బత్తాయిల సంచితో వచ్చారు.

"ఎలా ఉన్నావు యల్లమందా? సరే" అని, నేను చెప్పేలోపే డాక్టరమ్మ వైపు తిరిగారు. "కమిటీ వారు ఒక సందేహం వెలిబుచ్చారు. సంభవించినది ఆమ్లసంబంధితం కాదని మీ నుండి ధ్రువీకరణ అవసరం."

"గుండెపోటండీ."

"నిస్సందేహంగా?"

"నిస్సందేహంగా."

కమిషనర్ గారు కళ్ళు మూసుకుని తెరిచారు. "చాలా సంతోషం" అన్నారు. దక్షిణామూర్తి గారు నాకు చేయి కలిపి అభినందించారు. నేను కూడా థాంక్స్ చెప్పాను. షెడ్డు నిలబడింది కదా.

వెళ్ళబోతూ కమిషనర్ గారు ఆగి, అరచేత్తో గుండెల మధ్య రుద్దుకున్నారు. మొహం చిట్లించి మళ్ళీ రుద్దుకున్నారు.

"ఏందయ్యా అట్టా పట్టుకున్నారు?" అంది అంకమ్మ.

"ఏం లేదమ్మా. ఉదయం నుంచీ ఉంది. కొంచెం గ్యా..."

ఆగిపోయారు. దక్షిణామూర్తి గారు బత్తాయిల సంచిలోకి చూశారు.

"గ్యాస్ లేదన్నారుగా" అంది అంకమ్మ. ఆమె ఎగతాళిగా అనలేదు, నిజంగానే కంగారుపడింది. "పొద్దున్నించీనా? డాక్టరమ్మా, ఈయన్ని గూడా చూడమ్మా."

ఆయన వద్దంటూనే పక్క మంచం మీద పడుకున్నారు. తీగలు అంటించారు, కాగితం లాగారు, రక్తం తీశారు, కాసేపాగి మళ్ళీ తీశారు. ఆ కాసేపూ కమిషనర్ గారు పైకప్పు చూస్తూ, "మేనేజర్ గారూ, మా ఇంట్లో చెప్పారా?" అని చిన్న గొంతుతో అడిగారు. ఆఫీసు భాష లేకుండా ఆయన మాట్లాడగా నేను వినడం అదే మొదలు. నాకు జాలేసింది. బత్తాయి ఒలిచి ఇద్దామంటే నా చేతికి సూది ఉంది.

షమీమ్ గారు కాగితాలు పట్టుకొచ్చారు. "మీ గుండె శుభ్రంగా ఉంది సార్. ఇది మామూలు గ్యాసే. రోజూ ఏమైనా మందులు వాడతారా?"

"మందులేమీ లేవు. నడుముకు ఒక నొప్పి బిళ్ళ. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం."

"తిన్నాకేనా?"

"కాఫీతో."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇక్కడికి బదిలీ అయినప్పటి నుంచి."

"అదీ సంగతి. నొప్పి బిళ్ళలు పరగడుపున అలా మింగితే కడుపు గోడలు మండిపోతాయి సార్. పుండు పడి రక్తం కూడా పోవచ్చు. ముందు ఆ బిళ్ళ ఆపండి, నడుము సంగతి వేరే చూద్దాం. కారం, నూనె వస్తువులు, బజ్జీలు లాంటివి తింటారా?"

"ఛ" అన్నారు కమిషనర్ గారు. "నేను బయటి తిండి ముట్టను. ఇంతవరకు వీళ్ళ బజ్జీ రుచి కూడా చూడలేదు."

అంకమ్మ నా వైపు చూసింది. నేను అంకమ్మ వైపు చూశాను. ఏ బజ్జీ మూలంగా నా షెడ్డు పీకబోయారో, ఏ బజ్జీ మూలంగా ఊరంతటికీ బిళ్ళలు వేశానో, ఆ బజ్జీ ఆయన నోట్లోకే పోలేదు. అంత ఉత్తర్వు రాసేటప్పుడు ఒక్కటి తిని చూడొచ్చు కదా, వేడిగానే ఇచ్చేవాణ్ణి.

షమీమ్ గారు చీటీ మీద ఏదో రాయబోతున్నారు. కమిషనర్ గారు లేచి కూర్చున్నారు.

"డాక్టర్ గారూ, ఏమని రాస్తున్నారు?"

"గ్యాస్ అని."

"అలా రాస్తే రికార్డులకెక్కుతుంది. పురస్కారం పోతుంది." ఆయన చేతులు జోడించారు. "దయచేసి గుండెపోటు అని రాయండి."

"అలా రాయకూడదు సార్."

"చిన్నదైనా ఫరవాలేదు."

నేను ఉండబట్టలేకపోయాను. "అయ్యా, మార్చుకుందామా? నాది మీరు తీసుకోండి, మీది నాకియ్యండి. నా షెడ్డు పోయినా ఫరవాలేదు, పొద్దున్నుంచి నేను కోరుకుంటంది అదే."

దక్షిణామూర్తి గారు గొంతు సవరించుకున్నారు. ఆయన పైకి చూశారు. ఆసుపత్రిలో కూడా ఫ్యాను ఉంది.

"అయ్యా, ఆసుపత్రి మన ప్రాంగణము కాదు" అన్నారు. "గ్యాస్ ఇచ్చట నమోదైనది. కావున మన ప్రాంగణములో నమోదు కాలేదు. పురస్కారమునకు ఇబ్బంది లేదు. క్యాంటీన్‌కునూ ఇబ్బంది లేదు." కొంచెం ఆగారు. "అయితే, తగ్గువరకు తమరు మాత్రము ఆవరణలోకి ప్రవేశించరాదు."

* * *

పురస్కారం వచ్చింది. గాజు పలకలో ఉంది, గేటు దగ్గర పెట్టారు. గేటు బయట కమిషనర్ గారికి కుర్చీ వేశారు. సున్నం రాలిన గోడ పక్కన, గొడుగు కింద కూర్చుని ఫైళ్ళ మీద సంతకాలు పెట్టారు. త్రేన్చడానికి వచ్చినవాళ్ళు ఆయన్ని చూసి నమస్కారం పెట్టి త్రేన్చిపోయేవాళ్ళు. అలా జనం ఆయన్ని కలుసుకోవడం కూడా సులువైంది.

నేను షెడ్డుకు తిరిగొచ్చేసరికి గ్యాస్ బిళ్ళల డబ్బాలో అంకమ్మ జీలకర్ర పోసింది. అట్లు పోసేది ఎప్పటిలాగే ఆమే, ఇప్పుడు లెక్క చూసేది కూడా ఆమే, మాట్లాడేది కూడా చాలావరకు ఆమే. డాక్టరమ్మ నన్ను బరువులు ఎత్తొద్దంది, మాటలు కూడా బరువులోకే వస్తాయని అంకమ్మ తేల్చింది. ఎవరైనా చెయ్యి చాపితే, "ఎన్నాళ్ళ నుంచీ మంట? డాక్టరమ్మకి చూపించావా?" అని అడుగుతుంది. జనానికి కొంచెం చిరాకే. బజ్జీ మానలేక వస్తున్నారు.

మొన్న ఒకనాడు కమిషనర్ గారు లోపలికి వచ్చే అనుమతి తెచ్చుకుని, నేరుగా నా బల్ల దగ్గరికొచ్చారు. నిటారుగా నడుస్తున్నారు. ఎర్రబిళ్ళ మానేశారట, పొద్దునే నడుముకని ఏవో కసరత్తులు చేస్తున్నారట.

"డాక్టర్ గారిని అడిగాను" అన్నారు. "ఎప్పుడైనా ఒకటి తినవచ్చునన్నారు. తనిఖీ నిమిత్తం ఒక బజ్జీ."

వేడిగా ఇచ్చాను. సగం తిన్నారు. చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిగతా సగం నా బల్ల మీద పెట్టి, మంచినీళ్ళ కుండ పక్కన వెళ్ళి నిలబడ్డారు.

గోడ మీద కాకి ఆయన్నే చూస్తోంది. నేను మూత తీశాను.